నిమిషానికి రెండు చుక్కలు

సోమ, బుధ, శుక్రవారాలు
డెస్మండ్ ట్రిలోర్ నెత్తురు
నాలుగేసి గంటలు నా మెషీన్లో తిరిగి
శుభ్రపడి ఇంటికెళ్తుంది.
ఆ నాలుగు గంటలూ ఆయన
నా మోటార్‌సైకిల్ బాగుచేస్తాడు,
కుర్చీలోంచి లేవకుండా.

నా పేరు హైమ.
ఆయన నోట్లో అది పేరో పలకరింపో
రెండేళ్లయినా తేలలేదు.
"హై, మా! గొట్టం కోశావా?"

కోశాను. ప్లంబరు వదిలేసిన తెల్ల పైపు, మూరెడు.
రెండు కొసలకీ మూతలు. లోపల స్పానర్లు,
గలగలమనకుండా పాత సాక్సు.
దుకాణంలో నూట ఎనభై డాలర్ల సరుకు
నాకు పదకొండుకి వచ్చింది.
"పదకొండా? క్లిప్పులు కొన్నావన్నమాట,"
మొహం గోడకి తిప్పేసుకున్నాడు.

పోర్ట్ అగస్టాలో వేసవి గాలి
ఉత్తరం నుంచి వస్తుంది, కుంపటి మీద మూత తీసినట్టు.
షెడ్డు రేకు కింద, నైట్ డ్యూటీ దిగిన కళ్లతో
ఆక్రిలిక్ షీటు వేడిచేసి వంచాను.
గాలి నా గుండెని వదిలి
హెల్మెట్లో కందిరీగల తుట్టె పెట్టింది.
కొండనాలుకకి మందు!
"రెండు వేళ్లు కొయ్యి," అన్నాడు బుధవారం.
శుక్రవారం, "ఇంకో వేలు."

సీటు మీద గొర్రెతోలు, ఎవరి కారుదో, ఒక పక్క మాడింది.
గంతకి తగ్గ బొంత.
చేతులకి ఎండ తగలకుండా నూనె డబ్బా చీల్చిన రెక్కలు.
ఇసకలో స్టాండు దిగబడకుండా
కూరలు తరిగే పలకలోంచి అరచేతంత ముక్క,
బొంగరానికిలా తాడు కట్టి.
ఇప్పుడు ఉల్లిపాయలు తరిగితే
ఆ మూల కత్తి జారుతుంది.

ఇదొక్కటి ఆయన చెప్పింది కాదు:
తేదీ దాటి పారేస్తున్న డ్రిప్ సెట్టు
అడిగి తెచ్చుకున్నాను.
పైన షాంపూ సీసాలో గేరు నూనె,
సన్నటి గొట్టం దిగి, వెనక చక్రం దగ్గర
చైను మీద చుక్క. ఆగి, ఇంకో చుక్క.

ఫోటో చూసి చాలాసేపు మాట్లాడలేదు.
తన చేతిలోంచి పోయే ఎర్ర గొట్టం చూశాడు,
వచ్చేది చూశాడు.
"నిమిషానికెన్ని?"
"రెండు."
"మధ్యాహ్నం ఎండకి నూనె పల్చబడుద్ది. ఒకటి చెయ్యి.
బండి దిగగానే కట్టెయ్యి, లేకపోతే తెల్లారేసరికి..."
"నా పనే అది, డెస్."
"అవును కదూ," అన్నాడు.

చివరి శుక్రవారం కట్టున్న చేత్తో పార్కింగుకి వచ్చాడు.
మిలటరీ వాళ్లు అమ్మేసిన తూటాల పెట్టెలు,
ఒకదాంట్లో అటుకులు, స్టవ్వు,
ఇంకోదాంట్లో డేరా.
చుట్టూ తిరిగి, వంగి చూసి
ఎడంపక్క పెట్టెని బూటుతో ఒక్క తన్ను తన్నాడు.
ఊడి పడింది.
నట్టొకటి అంబులెన్సు కిందికి దొర్లింది.
"ఇక్కడ ఊడింది, సంతోషించు," అన్నాడు.
ముప్పై ఏళ్లు మూడు ట్రెయిలర్ల లారీలు తోలి
సెడూనా దారిలో ప్రతి గుంతనీ పేరుతో తిట్టగలడు.

నేను నట్టు కోసం బోర్లా పడుకుంటే
పైనుంచి అన్నాడు:
"పెట్టెలు జానెడు వెనక్కి జరుపు.
వెనక కూచునేవాళ్ల కాళ్లకి పెట్టేవి
ఎందుకు పీకేశావ్? మళ్లీ బిగించు."

ఎవరికని నేను అడగలేదు.
అంబులెన్సు కింద చీకట్లో నట్టు దొరికింది, వేడిగా.

సెలవు మార్పించుకున్నాను.
శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటికి
ఎన్ని కిలోమీటర్లు పోయి రావచ్చో గోడ మీద లెక్కేసి
ఇనప పట్టీకి కొత్త చిల్లులు పెడుతున్నాను.
డ్రిల్లు బిట్టు మొద్దుబారింది.
కొత్తది కొంటే తిడతాడు.
రాయి మీద నూరుతున్నాను.